కుండ కారితే, రోలు నున్నబడితే, చేట పుచ్చితే: వంటింటి పాత సామానుకు సమస్యలు, పరిష్కారాలు

మట్టి, రాయి, చెక్క, వెదురుతో చేసిన సామాను పాడైనప్పుడు ముందు చూడాల్సింది తడి ఎక్కడ ఆగిందనే. ఆ తర్వాత సెగ ఎంత తొందరగా తగిలిందో చూడాలి. పగుళ్లు, వాసనలు, బూజు, పురుగు చాలావరకు ఈ రెండింటి దగ్గరే మొదలవుతాయి. ఒకే లక్షణానికి రెండు మూడు కారణాలుంటాయి కాబట్టి కింద చెప్పిన చిన్న పరీక్ష చేశాకే మరమ్మతుకు దిగండి. బూజు అనుకుని ఇనుప మరకను గీకి గీకి గరిటెను సగం చేసినవాళ్లున్నారు.

కుండలో నీళ్లు చల్లబడటం లేదు

కుండ పొట్ట మీద అరచెయ్యి పెట్టి చూడండి. చెమ్మగా తగిలితే కుండలో లోపం లేదు, గాలిలోనే తేమ ఎక్కువ. లోపలి నీరు గోడలోంచి ఊరి బయట ఆవిరైతేనే చల్లదనం వస్తుంది. అనంతపురంలోనో నల్గొండలోనో మే నెల వడగాలికి జిల్లుమనే కుండ మచిలీపట్నం ఉక్కపోతలో అంత చల్లబడదు. కుండ మార్చినా లాభం ఉండదు. గాలి ఆడే చోటికి జరిపి, కింద ఇసుక కుదురు వేసి తడుపుతూ ఉంటే కొంత మేలు.

పొడిగా తగిలితే మట్టిలోని సన్నటి రంధ్రాలు మూసుకుపోయాయని అర్థం. ఎనామిల్ రంగో వార్నిషో పూసిన కుండయితే దానికి మందు లేదు, పూలమొక్కకు ఇచ్చేయండి. రంగు లేని కుండయితే పొట్ట చుట్టూ తెల్లటి పొర ఉందేమో చూడండి. బోరు నీళ్లు పోసే ఇళ్లలో నీరు ఆవిరై, అందులోని లవణాలు అక్కడే పేరుకుంటాయి. తడిగుడ్డతో తుడిస్తే పోయి, ఆరాక మళ్లీ తేలేది నీళ్లలో కరిగే ఉప్పు. కుండ ఖాళీ చేసి, ఉప్పదనం లేని నీళ్ల తొట్టిలో రాత్రంతా ముంచి, తెల్లారి ఆ నీళ్లు పారబోయండి. వరసగా మూడు రాత్రులు చేస్తే వదులుతుంది. తుడిచినా కదలకపోతే అది సున్నం. లీటరు నీళ్లకు 100 మిల్లీలీటర్ల తెల్ల వెనిగర్ కలిపి, గుడ్డ తడిపి పొర మీద అరగంట వేసి ఉంచి, కొబ్బరి పీచుతో రుద్దండి. తర్వాత ఒక పూట మంచినీళ్లు నింపి పారబోస్తే పులుపు వాసన పోతుంది.

లోపల చేతికి జిగురుగా తగిలితే నీళ్లు మార్చకుండా పైపైన నింపుతూ పోతున్నారని అర్థం. రోజూ పూర్తిగా వంచేసి, పీచుతో కడిగి నింపాలి. వారానికోసారి ఒక పూట బోర్లించి ఎండలో పెట్టాలి. రెండు కుండలుంటే వంతులవారీగా వాడుకోవచ్చు.

కుండ కారుతోంది

కొత్త కుండ మొదటి రెండు మూడు రోజులు ఎక్కువగా చెమరుస్తుంది, కింద నీళ్లు కూడా చేరతాయి. అది కారడం కాదు. అనుమానం ఉంటే ఖాళీ చేసి, బయట పూర్తిగా ఆరనిచ్చి, పొట్ట మీద పొడి బియ్యప్పిండి పలచగా రుద్దండి. అప్పుడు నీళ్లు పోయండి. చెమర్చే కుండ మీద పిండి అంతటా మెల్లగా, సమానంగా తడుస్తుంది. బీట ఉన్న కుండ మీద మాత్రం ముందుగా ఒక సన్నటి గీత నల్లగా తేలుతుంది. వేలి కణుపుతో కొట్టి చూసినా తెలుస్తుంది. బీటలేని ఖాళీ కుండ కంగుమంటుంది, బీటపడ్డది బద్దుగా పలుకుతుంది.

బీట వెంట్రుకవాసి ఉండి, పైపైనే ఉంటే గంజితో పూడుతుంది. ఆరిన కుండలో మూడొంతులు చిక్కటి గంజి పోసి, సన్నని సెగ మీద అరగంట కాగనిచ్చి, పొయ్యి మీదే చల్లారనివ్వండి. గంజిలోని పిండి పదార్థం బీటలోకి దిగి గట్టిపడుతుంది. మర్నాడు కడిగి, ఆరబెట్టి, మళ్లీ చేయండి. మూడుసార్లకీ ఆగకపోతే బీట గోడ అవతలికి వెళ్లిందన్న మాట. ఆ కుండను ఇక పొయ్యెక్కించకూడదు, వేడి పులుసుతో రెండుగా విడిపోవచ్చు. లోపలివైపు ఎంసీల్ లాంటి జిగుర్లు పెట్టడం మాత్రం వద్దు. అవి తిండికి తగలాల్సినవి కావు.

కుళాయి బిగించిన కుండ కారితే కుండను తప్పు పట్టేముందు వాషర్లు చూడండి. లోపల ఒకటి, బయట ఒకటి రబ్బరు వాషర్లు ఉండాలి. మట్టి గోడ ఎగుడుదిగుడుగా ఉంటుంది కనుక పలచటి ప్లాస్టిక్ వాషర్ ఆనదు, మెత్తటి మందపాటి రబ్బరుది వేయాలి. బిగింపు చేత్తోనే. పానా పెట్టి తిప్పితే రంధ్రం చుట్టూ పెచ్చు లేస్తుంది.

వంట కుండ: వాసన, నురగ, నల్ల చుక్కలు

పులుసు కాచిన కుండలో పాలు కాస్తే పులుసు వాసన రావడం సహజం. అందుకే చేపలకు, పప్పుకు, పాలకు వేరువేరు కుండలు. ఇప్పటికే వాసన పట్టినదానికి బియ్యం కడుగు నీళ్లు నింపి ఒక రాత్రి ఉంచి, మర్నాడు వాటినే పది నిమిషాలు మరిగించి పారబోయండి. ఆ తర్వాత రెండు రోజులు ఎండ.

కుండలో నీళ్లు కాగుతుంటే నురగ తేలిందా? డిష్‌వాష్ సబ్బు మట్టిలోకి ఇంకింది. ఖాళీ నీళ్లు మరిగించి పారబోయడం నురగ ఆగేదాకా, అంటే నాలుగైదుసార్లు చేయాలి. ఇకమీదట జిడ్డుకు శనగపిండి, పీచు, వేడినీళ్లు చాలు.

నల్ల చుక్కలు, ముక్కిన వాసన ఉంటే బూజు. పైకి ఆరినట్టు కనిపించిన కుండను మూతపెట్టి అటక మీద పెట్టినందుకు వస్తుంది. రాళ్ల ఉప్పుతో రుద్ది కడిగి, నీళ్లు పోసి పావుగంట మరిగించి, రెండు రోజులు బోర్లించకుండా ఎండలో ఉంచండి. కుండ ఆరిందో లేదో చేత్తో తాకితే తెలియదు, ఎత్తి చూస్తే తెలుస్తుంది. తడి ఉన్న కుండ బరువుగా ఉంటుంది.

రాచ్చిప్ప బీట తీసింది, లేదా మసిలా పొడి వదులుతోంది

రాచ్చిప్పను తొలిచేది బలపాలు చేసే జాతి మెత్తటి రాతితోనే. గోటితో గట్టిగా గీస్తే కొన్ని చిప్పల మీద గీత పడుతుంది కూడా. ఇత్తడి గిన్నెకు కళాయి పోతే పులుసు కిలుం పడుతుంది, రాతికి ఆ బెడద లేదు. అందుకే పులుసుకు, చారుకు దీని పేరు.

కొత్త చిప్ప వారం తిరక్కుండానే పగిలిందంటే తొందరపడి పొయ్యెక్కించి ఉంటారు. రాతిలో దాగిన చెమ్మ సెగకు ఒక్కసారిగా ఆవిరైతే దారి చేసుకుని బయటికి వస్తుంది. కొత్తదానికి లోపలా బయటా ఆముదం, పసుపు కలిపి రాసి ఒక రోజు ఉంచండి. మరో మూడు రోజులు పూటపూటకీ వేడి గంజి పోసి చల్లారనివ్వండి. అప్పుడు గంజి ఉండగానే సిమ్‌లో పెట్టి, పావుగంట తర్వాతే సెగ కొంచెం పెంచండి. ఖాళీ చిప్పను మంట మీద పెట్టకూడదు, ఎప్పటికీ. తాలింపు వేరే గిన్నెలో పెట్టి ఇందులో కలపడమే క్షేమం.

పాత చిప్ప పగిలితే మాత్రం దించిన చోటు చూడండి. పొయ్యి మీంచి దించి తడి గ్రానైట్ గట్టు మీద పెట్టేస్తారు. అడుగు ఒక్కసారిగా ముడుచుకుంటుంది, పక్కలు ఇంకా వేడిగానే ఉంటాయి, బీట చుట్టూ తిరుగుతుంది. చెక్క పీటో చుట్టకుదురో వేసి దించాలి. ఇంకో సంగతి, పొయ్యి కట్టేశాక కూడా పులుసు కొన్ని నిమిషాలు కుతకుత ఉడుకుతూనే ఉంటుంది. కావాల్సిన చిక్కదనం రాకముందే కట్టేయాలి. పులుసు ఇగిరిపోయి అడుగంటుతోందని చెప్పేవాళ్లలో ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే.

బూడిదరంగు పొడి వదులుతుంటే స్టీలు పీచుతో తోముతున్నట్టు. పొడి రావడం ఆగేదాకా గంజి పోసి మరిగించి పారబోయండి, పీచు మార్చండి.

ఇండక్షన్ పొయ్యి మీద రాయీ వేడెక్కదు, మట్టీ వేడెక్కదు. గ్యాసు లేని విదేశపు వంటిళ్లలో మామూలు కరెంటు పొయ్యి మీద పెట్టాల్సివస్తే మధ్యలో ఒక ఇనుప రేకు వేసి, అతి తక్కువ వేడితో మొదలుపెట్టాలి.

రోట్లో రుబ్బిన పచ్చడి పంటికింద కరకరలాడుతోంది

కొత్త రోలయితే ఉలి దెబ్బలకు వదులైన రేణువులవి. పిడికెడు నానిన బియ్యం, చెంచా రాళ్ల ఉప్పు వేసి పది నిమిషాలు గట్టిగా నూరండి. వచ్చిన ముద్దను పారేసేముందు ఒక స్టీలు గిన్నెలో వేసి, రెండు గ్లాసుల నీళ్లు పోసి, గిన్నెను గుండ్రంగా తిప్పండి. పిండి నీళ్లలో తేలిపోతుంది, రాతి పొడి నడిమధ్యకు చేరి దిగుతుంది. పై నీళ్లు మెల్లగా వంచేసి, అడుగున మిగిలినదాన్ని చెంచా వెనక్కు తిప్పి గిన్నెకేసి రాయండి. కిర్రుమంటే ఇంకా రాయి వదులుతోంది. నాలుగైదుసార్లు నూరేసరికి ముద్ద తెల్లబడి, కిర్రు ఆగుతుంది. ఎనిమిది, తొమ్మిదిసార్లయినా ఆగకపోతే రాతినే అనుమానించాలి.

రోడ్డు పక్క అమ్మే వాటిలో సిమెంటుతో పోసి, నల్లరంగు కొట్టినవీ ఉంటాయి. అడుగున ఒకచోట మేకుతో గీకి, ఆ కొత్త గీత మీద తడి పసుపు రాయండి. సున్నం తగిలిన పసుపులా ఎర్రబడితే సిమెంటు. ఇంకోచోట నాలుగు చుక్కల నిమ్మరసం వేయండి. సన్నగా బుడగలు వస్తే సిమెంటో సున్నపురాయో అయి ఉంటుంది. నల్లరాయి, అంటే గ్రానైటు, రెండింటికీ చలించదు. కడప బండ, తాండూరు బండ, బేతంచెర్ల బండ అన్నీ సున్నపురాళ్లే. నేల మీద పరుచుకోవడానికి బాగుంటాయి గానీ చింతపండు పచ్చడికి పనికిరావు, పులుపు రాతిని తినేస్తుంది. పాలరాతి కల్వం సంగతీ అంతే, యాలకులు దంచుకోవడానికి మాత్రం పరవాలేదు.

పాత రోటిలో ఉన్నట్టుండి కరకర మొదలైతే అంచు పెచ్చు లేచిందేమో వేలితో తడమండి. రోకలి చివరి పొన్ను, అంటే ఆ ఇనుప తొడుగు, రాతికి తగిలి రేణువులు రేపుతుంటుంది. పచ్చడికి చెక్క బండో రాతి పొత్రమో వాడాలి, పొన్ను ఉన్న రోకలి దంచడానికే.

రోలు, సన్నికల్లు నున్నబడి పప్పు జారిపోతోంది. తిరగలి పిండి బరకగా వస్తోంది

రాయి అరిగింది, కక్కు కొట్టించాలి, అంటే ఉలితో చిన్న చిన్న గంట్లు పెట్టించాలి. ఒకప్పుడు ఉలి, సుత్తి సంచిలో వేసుకుని "రోళ్లకు కక్కు కొడతాం" అంటూ వీధిలోకే వచ్చేవారు. ఇప్పుడు రాళ్లు చెక్కేవాళ్ల దగ్గరికి మనమే మోసుకెళ్లాలి. గంట్లు బియ్యపుగింజ మందం కన్నా లోతు ఉండకూడదు. లోతైతే పిండి అందులో ఇరుక్కుని పులుస్తుంది. సన్నికల్లుకు పొత్రం తిరిగే మేర అంతా దగ్గరదగ్గరగా చుక్కలు పడాలి, పొత్రానికి కూడా. రాయి ఒక్కదానికే కొట్టించి పొత్రం వదిలేస్తే పని సగమే అవుతుంది. రాతి దుమ్ము ఊపిరితిత్తులకు చెడ్డది కనుక కొట్టేటప్పుడు ఆరుబయట, రాయి తడిపి, ముక్కుకు గుడ్డ కట్టుకుని కొట్టాలి. పిల్లలు దగ్గర ఉండకూడదు. కక్కు కొట్టించాక రోలు మళ్లీ కొత్తదానికిందే లెక్క, బియ్యం, ఉప్పు నూరడం మొదటినుంచీ చేయాలి.

తిరగలి విషయంలో కక్కుకు పరుగెత్తే ముందు నడిమి ఇరుసు చూడండి. చెక్క ఇరుసు అరిగి వదులైతే పై రాయి ఒక పక్కకు ఒరుగుతుంది. పిండి కూడా ఒక పక్కనే ఎక్కువ రాలుతుంది, అదే గుర్తు. ఇరుసుకు నూలు గుడ్డ పేలిక ఒక చుట్టు చుట్టి బిగిస్తే తాత్కాలికంగా సరిపోతుంది, కొత్త ఇరుసు దిగ్గొట్టించడం అసలు మందు. పిండి చుట్టూ సమానంగా రాలుతూ బరకగా ఉంటే అప్పుడు కక్కు.

రోకలి పొన్ను ఊడి వస్తుంటే కర్ర ఎండి కుంచించుకుపోయింది. ఆ కొన నాలుగంగుళాలు రాత్రంతా నీళ్లలో ఉంచితే కర్ర ఉబ్బి బిగుస్తుంది, ఆరాక మళ్లీ వదులవుతుంది. కర్ర కొనను అంగుళం లోతు చీల్చి, గట్టి చెక్క చీల దిగ్గొట్టి పొన్ను ఎక్కిస్తేనే నిలుస్తుంది.

రోలు ముక్కిన వాసన వేస్తే కొబ్బరి, నువ్వులు, పల్లీల నూనె గంట్లలో పాతబడింది. పొడి శనగపిండి గుప్పెడు వేసి పొత్రంతో నూరి, ఆ పిండి ఊడ్చేసి, బాగా కాగిన నీళ్లతో కడగండి. రెండు విడతలు చాలు.

చెక్క గరిటెలు, తెడ్డు, కవ్వం, చపాతీ పీట

నల్ల మరక. అది బూజా, ఇనుప మరకా? ఒక చుక్క నిమ్మరసం వేసి ఐదు నిమిషాలు ఆగండి. పలచబడితే ఇనుప మరక. చెక్కలోని వగరుకూ తడి ఇనుముకూ పడదు, కలిస్తే నల్లబడతాయి. గరిటెను ఇనుప మూకుడులో రాత్రంతా వదిలేసినప్పుడు వచ్చేది ఇదే. దానివల్ల ప్రమాదం లేదు, నిమ్మచెక్క, ఉప్పుతో రుద్దితే చాలావరకు పోతుంది. నిమ్మరసానికి చలించకుండా, చుక్కచుక్కలుగా, వాసనతో ఉంటే బూజు. మరిగే నీళ్లలో పది నిమిషాలు ఉంచి, 120 నంబరు గరుకు కాగితంతో గీసి, ఎండబెట్టండి. గీసినకొద్దీ నలుపు లోపలికే కనిపిస్తుంటే పారేయండి.

నూగు లేవడం. కొత్త గరిటె తొలి తడికి గరుగ్గా అవుతుంది. తడిపి, పూర్తిగా ఆరనిచ్చి, 220 నంబరు కాగితంతో పొడవాటి వాటంగా రుద్దండి. మూడుసార్లు ఇలా చేస్తే ఇక లేవదు. నెల్లూరు జిల్లా ఉదయగిరి గరిటెలు, చెంచాలు వార్నిష్ లేకుండా వస్తాయి కనుక వాటికి ఈ పని కొన్నరోజే చేసుకుంటే మంచిది.

జిగురు పట్టిన పీట. చెక్కకు నూనె రాయమంటే ఇంట్లో ఉన్న సన్‌ఫ్లవర్ నూనె రాసేస్తారు. అది గాలికి సగం ఎండి బంకలా మారుతుంది. కత్తి వెనక అంచుతో గీకి, వంటసోడా ముద్ద పట్టించి పది నిమిషాల తర్వాత వేడినీళ్లతో రుద్ది, రెండు రోజులు నీడన ఆరబెట్టండి. ఆపైన 100 మిల్లీలీటర్ల కొబ్బరినూనెలో 25 గ్రాముల తేనెమైనం కరిగించి, పలచగా రాసి, గంట తర్వాత పొడిగుడ్డతో గట్టిగా తుడవండి. మైనాన్ని నేరుగా మంట మీద పెట్టకుండా, వేడినీళ్ల గిన్నెలో చిన్న గిన్నె ఉంచి కరిగించాలి. హార్డ్‌వేర్ షాపులో దొరికే అవిసె నూనెలో త్వరగా ఎండటానికి లోహపు లవణాలు కలుపుతారు. అది తలుపులకే.

నిలువునా చీలడం. కొన భాగం నుంచి మొదలైన చీలిక తొందరగా ఆరినందుకు వస్తుంది. డిష్‌వాషర్ ఇందులో మొదటి ముద్దాయి. చలికాలమంతా హీటర్ నడిచే ఇళ్లలో కూడా చెక్క ఇలాగే చీలుతుంది. చీలికలో పిండి, పెరుగు చేరి కుళ్లుతాయి కాబట్టి జిగురు పెట్టి అతికించడం దండగ. కవ్వం తల చీలితే అసలు వాడకూడదు, చిలుకుతుంటే పేళ్లు మజ్జిగలోకి వస్తాయి. కవ్వాన్ని కడిగాక తల కిందికి వేలాడేట్టు కట్టాలి. నిలబెడితే పళ్ల మధ్య నీరు కాండంలోకి దిగుతుంది.

చేట, సిబ్బి, గంప కింద సన్నటి పిండి రాలుతోంది

పుచ్చు పురుగు. వెదురులోని పిండి పదార్థం కోసం తొలుస్తుంది. గుండుసూది మోపినంత రంధ్రాలు, వాటికింద పౌడరులాంటి పొడి. చేటను తెల్ల కాగితం మీద తట్టి, అదే చోట ఒక రోజు ఉంచండి. మళ్లీ పొడి రాలితేనే పురుగు బతికి ఉన్నట్టు, లేకపోతే పాత రంధ్రాలు. బతికి ఉంటే మరిగే నీళ్లలో పదిహేను నిమిషాలు పూర్తిగా మునిగేట్టు ఉంచి, గాలికి ఆరబెట్టి, తర్వాత ఎండ. అంత పెద్ద గిన్నె లేకపోతే వేసవి మధ్యాహ్నం నల్ల పాలిథిన్ సంచిలో కట్టి ఎండలో నాలుగైదు గంటలు, వరసగా మూడు రోజులు. డీప్ ఫ్రీజర్ ఉన్నవాళ్లు గాలి చొరని సంచిలో కట్టి, మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచవచ్చు. తీశాక గది వేడికి వచ్చేదాకా సంచి విప్పకూడదు, చెమ్మ పడుతుంది. పురుగుల మందు కొట్టడం మాత్రం వద్దు, అందులో బియ్యం చెరగాలి. కట్టెల పొయ్యి ఉన్న రోజుల్లో చేట గోడకు వేలాడితే పొగే కాపాడేది. గ్యాసు వచ్చాక ఆ పొగ లేదు.

నూకలు సందుల్లోంచి జారుతుంటే మెంతి పూత వేయాలి. ఒక మోస్తరు చేటకు 50 గ్రాముల మెంతులు రాత్రి నానబెట్టి మెత్తగా రుబ్బండి. ఆరేడు రాయని నోటుబుక్కు కాగితాలు విడిగా నానబెట్టి గుజ్జు చేసి, రెండూ కలపండి. వార్తాపత్రిక వాడతారు గానీ ఆ సిరా తిండి గింజలకు తగలకపోవడమే మంచిది. లోపలివైపు పలచగా అలికి, ఒక రోజు నీడన, ఒక రోజు ఎండన ఆరబెట్టి, రెండో పూత వేయండి. మందంగా వేస్తే ఆరేటప్పుడు పెంకులై లేస్తుంది. ఈ చేటను ఆ తర్వాత నీళ్లతో కడగకూడదు, పొడిగుడ్డతో దులపడమే.

అంచు కట్టు ఊడితే వైరు చుట్టకుండా మేదరివాళ్ల దగ్గర పచ్చి వెదురు బద్ద తెచ్చి కట్టించండి. ఆరాక అది తనంతట బిగుస్తుంది.

కొబ్బరిచిప్ప గరిటె, లక్క డబ్బాలు

చిప్ప గరిటెకు కర్ర వదులవడం ఒక్కటే సమస్య. వెదురు కాడకు చిన్న చీల దిగ్గొడితే సరి.

ఏటికొప్పాక లక్క డబ్బాలో ఉప్పు, పసుపు పోసుకునేవాళ్లకు మూత అతుక్కుపోవడం అనుభవమే. అంకుడు కర్ర మీద లక్కను రాపిడి వేడితోనే పట్టిస్తారు. పొయ్యి పక్కన పెడితే ఆ వేడికే మళ్లీ మెత్తబడి అంటుకుంటుంది. లాగకండి. చల్లటి చోట ఒక పూట ఉంచి, మూతను ఎటో ఒకవైపుకు మెల్లగా తిప్పండి. మెరుపు పోయి తెల్లటి మసక వచ్చినది చెమ్మవల్లనైతే నీడన గాలికి పెట్టిన రెండు మూడు రోజుల్లో చాలావరకు తగ్గుతుంది. శానిటైజరుతో తుడిచినందువల్ల వచ్చిన మసక మాత్రం పోదు. స్పిరిటు లక్కను కరిగిస్తుంది, తుడిచిన గుడ్డకు రంగు అంటి ఉంటుంది చూడండి. దాన్ని మళ్లీ తరిణె, అంటే కర్రను గిర్రున తిప్పే యంత్రం, మీద పెట్టి లక్క వేయించాల్సిందే.